సింహాలున్న చోట పశువుల దొడ్డి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పశువుల్ని మేపుతూనే వన్యప్రాణుల్ని కాపాడే కెన్యా రాంచ్‌ల గురించి (ఝార్ఖండ్ రాంచీ కాదండోయ్) విశాఖ పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

మే సెలవుల్లో ఇద్దరు పిల్లలు (అయిదేళ్లు, పదకొండేళ్లు), మా అత్తగారితో (67) కెన్యా వెళ్దామనుకుంటున్నాం. మసాయి మారా అభయారణ్యం బదులు లైకిపియా పీఠభూమిలో రాంచ్ లాడ్జిలో నాలుగు రాత్రులు ఉండమని ట్రావెల్స్ వాళ్లు అంటున్నారు. మంచిదేనా?
– ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

చోటు మంచిదే, నెల మార్చుకోండమ్మా. అక్కడ మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. నేల చాలాచోట్ల నల్లరేగడి. ఒక్క గట్టి వాన పడితే జీపు ఇరుసు దాకా దిగబడిపోతుంది, గదిలో కూర్చోవడమే మిగులుతుంది. మే నెలలో రేటు తక్కువ చెబుతున్నారంటే కారణం అదే. జనవరి, ఫిబ్రవరి పొడి నెలలు కాబట్టి మన సంక్రాంతి సెలవులు చక్కగా సరిపోతాయి. వేసవిలోనే వెళ్లాలంటే బడులు తెరవడానికి ముందు, జూన్ మొదటి వారం చూసుకోండి.

పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు జీపులో తిప్పితే అయిదేళ్ల పిల్లకి రెండో రోజుకే విసుగొస్తుంది. రాంచ్‌లో అయితే మంద దొడ్డికి చేరడం, పశువులకు పిడుదుల మందు కొట్టడం, దూడల్ని లెక్కపెట్టడం లాంటివి దగ్గరుండి చూడొచ్చు. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాదంతా పొద్దు పొడిచేదీ, గుంకేదీ దాదాపు ఆరున్నరకే. మంద ఇంటికొచ్చే వేళ కూడా దాన్నిబట్టే.

అయితే రాంచ్ అని బోర్డు పెట్టుకున్న ప్రతిదీ రాంచ్ కాదు. డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. పశువులకు మందు కొట్టేది ఏ రోజు? ఈ వారం మంద ఎటువైపు మేస్తోంది? రాత్రి దొడ్డి మా గదికి ఎంత దూరం? నిజంగా పశువులు పెంచేవాళ్లయితే ఫోన్లోనే చెప్పేస్తారు. ‘వచ్చాక చూద్దాం’ అన్నారంటే ఆ ఆవులు ఫొటోల కోసమే.

కాలినడక సఫారీకి, గుర్రపు స్వారీకి వయసు పరిమితి ఉంటుంది. చాలాచోట్ల పన్నెండేళ్ల లోపు పిల్లల్ని నడకకు తీసుకెళ్లరు. మీ పెద్దబ్బాయి ఆశపడకముందే కనుక్కోండి. ఇంకోటి, పీఠభూమి ఎత్తు 1,700 మీటర్ల పైమాటే, అంటే అరకుకు దాదాపు రెట్టింపు. తెల్లవారుజామున తెరిచిన జీపులో వణుకు పుడుతుంది. అందరికీ స్వెట్టరు, చెవులు కప్పే టోపీ ఉండాలి. మీ అత్తగారి సంగతి కింది జవాబులో ఉంది.

ఎల్లో ఫీవర్ టీకా కెన్యా వాళ్లు అడుగుతారా? ఇక్కడ ఎక్కడ వేస్తారు?
– ఓ పాఠకుడు, గాజువాక

అందరూ పొరబడేది ఇక్కడే. ఇండియా నుంచి నేరుగా దిగేవాళ్లను కెన్యా ఆ టీకా కార్డు అడగదు. తిరిగి వచ్చేటప్పుడు అడిగేది మన ఎయిర్‌పోర్టు వాళ్లు. కార్డు లేకపోయినా, టీకా వేసుకుని పది రోజులు నిండకపోయినా ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు.

విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు. ముందే పేరు నమోదు చేసుకోవాలి. ఒక సీసాలో చాలామందికి సరిపడే మందు ఉంటుంది, మూత తీశాక ఆరు గంటల్లో వాడేయాలి. అందుకే జనాన్ని కూడగట్టి ఫలానా రోజని పిలుస్తారు. ప్రయాణానికి నెల ముందే వెళ్లండి. పాస్‌పోర్టు తీసుకెళ్లి, కార్డు మీద పేరూ నంబరూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకోండి. ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

తొమ్మిది నెలల లోపు పసిపిల్లలకు వేయరు. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, అరవై దాటినవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఆ వయసులో మొదటిసారి వేసుకుంటే అరుదుగా తీవ్రమైన దుష్ప్రభావాలు వస్తాయి. డాక్టరు వద్దంటే మినహాయింపు పత్రం రాసిస్తారు. దాంతో తిరుగు ప్రయాణంలో ఇబ్బంది ఉండదా అన్నది టికెట్లు కొనకముందే పోర్ట్ హెల్త్ ఆఫీసులో అడగండి. పెద్దవాళ్ల విషయంలో ఈ పని వాయిదా వేయకూడదు.

వీసాకు బదులు 2024 జనవరి నుంచి ఆన్‌లైన్ అనుమతి వచ్చింది. చంకలో బిడ్డకైనా విడిగా దరఖాస్తు పెట్టాల్సిందే.

సింహాలు తిరిగే చోట ఆవుల్ని ఎలా మేపుతారు? రోజుకొకటి పోదా?
– ఓ రైతు, ఆనందపురం

పగలు కాపరులు వెంటే ఉంటారు. భయమంతా రాత్రే. వెనకటికి తుమ్మకంపతో దొడ్డి కట్టేవారు, ‘బోమా’ అంటారు. సింహం కంప దూకి లోపలికి రావడం ఒక్కటే కాదు ప్రమాదం. దాని వాసన తగిలితే చాలు, మంద బెదిరి తనే కంప విరగ్గొట్టుకుని చీకట్లోకి పరుగెడుతుంది. వేట బయటే ముగుస్తుంది. ఇప్పుడు చాలా రాంచ్‌లలో ఇనుప పలకలు ఒకదానికొకటి బిగించి గుండ్రంగా నిలబెడుతున్నారు. పశువులు తోసినా కూలవు, విప్పి వేరే చోటికి మోయొచ్చు.

ఆ మోయడంలోనే అసలు కిటుకు ఉంది. కొన్నాళ్లకోసారి దొడ్డి మారుస్తారు. పాత చోట పేడ, మూత్రం ఇంకి వానలకు మంచి గడ్డి లేస్తుంది. జీబ్రాలు, జింకలు అక్కడికే చేరతాయి. మీరు పొలంలో మంద కట్టించుకోరూ, అదే పని. కాకపోతే పంట తినేది జీబ్రా.

పిడుదుల సంగతీ చెప్పాలి. అక్కడి అడవి దున్నల ఒంట్లో ఈస్ట్ కోస్ట్ ఫీవర్ అనే జబ్బు క్రిమి ఉన్నా వాటికేమీ కాదు. అవే పిడుదులు ఆవుకు పట్టుకుంటే ఆవు చచ్చిపోతుంది. అందుకని సాధారణంగా వారానికోసారి మందను మందుతొట్టిలో ఈదిస్తారు, లేదా మందు చిమ్మే సందులోంచి నడిపిస్తారు. ఒళ్లంతా మందుతో ఆవు గడ్డిలో తిరుగుతుంటే, ఎక్కిన పిడుదు ఎక్కినట్టే చస్తుంది. అలా జీబ్రాకూ పిడుదులు తగ్గుతాయి.

అక్కడి బోరాన్ జాతి మన ఒంగోలు గిత్తలాగే మూపురంతో ఉంటుంది. పెంచేది మాత్రం పాలకు కాదు, మాంసానికి. మీ ఇంట్లో ఆ మాట పట్టింపు అయితే వెళ్లేముందే తెలుసుకోవడం మేలు.

చుట్టూ కంచె ఉంటే ఏనుగులు ఎలా వస్తాయి, పోతాయి?
– ఓ విద్యార్థి, పెదవాల్తేరు

లైకిపియాలోనే ఉన్న ఓల్ పెజెటా అనే రాంచ్ సంగతి చెబుతాను. విస్తీర్ణం సుమారు 360 చదరపు కిలోమీటర్లు, మన కంబాలకొండలాంటివి అయిదు పడతాయి. ఉత్తరం వైపు కంచెలో కావాలనే ఖాళీలు వదిలారు. ఆ ఖాళీల్లో మోకాలెత్తు రాటలు దగ్గరదగ్గరగా పాతారు. ఏనుగు కాలెత్తి దాటేస్తుంది. సింహం, జీబ్రా సందుల్లోంచి దూరిపోతాయి. ఖడ్గమృగానికి కాళ్లు పొట్టి, ఒళ్లు వెడల్పు. దాటలేదు, దూరలేదు. వేటగాళ్ల భయం ఎక్కువ ఉన్నది దానికే కనుక అది లోపలే ఉండిపోవాలి. ప్రపంచంలో మిగిలిన చివరి రెండు ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాలు, నాజిన్, దాని కూతురు ఫాతు, అక్కడే కాపలా మధ్య ఉన్నాయి. చివరి మగది, సూడాన్, 2018 మార్చిలో చనిపోయింది.

శాకాహారులం. ఆవకాయ, పొడులు తీసుకెళ్లొచ్చా?
– ఓ గృహిణి, మధురవాడ

తీసుకెళ్లండి, ప్లాస్టిక్ సంచుల్లో మాత్రం కాదు. 2017 ఆగస్టు 28 నుంచి కెన్యాలో క్యారీ బ్యాగులు నిషేధం. గుడ్డసంచులు వాడండి. వాడి పారేసే నీళ్ల సీసాల్ని జాతీయ పార్కుల్లోకి రానివ్వరు, స్టీలు సీసా పెట్టుకోండి. ఆవకాయ సీసాను అంచు దాకా నింపితే విమానంలో గాలి ఒత్తిడి తగ్గి నూనె పైకి తన్నుకొస్తుంది. రెండు వేళ్ల ఖాళీ వదిలి, మూతకు టేపు చుట్టి, స్టీలు డబ్బాలో నిలబెట్టండి. పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాలు వద్దు.

నైరోబీ నుంచి చిన్న విమానంలో వెళ్తే మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో. చక్రాల పెట్టె పట్టదు. చపాతీ అక్కడివాళ్లకీ చపాతీయే. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసే సంకటి, పక్కన సుకుమా వికి అనే ఆకుకూర. వాటితో ఆవకాయ బాగానే కలుస్తుంది. గుడ్డు కూడా తినరన్న సంగతి బుక్ చేసేటప్పుడే విడిగా రాయించండి. అక్కడ శాకాహారం అంటే ఆమ్లెట్ వచ్చే ప్రమాదం ఉంది.

అంత ఖర్చు పెట్టలేం. విశాఖలో ఇలాంటిదేమైనా ఉందా?
– ఓ తండ్రి, మర్రిపాలెం

అచ్చంగా ఇలాంటిది లేదు. మన దగ్గర ప్రైవేటు పశుక్షేత్రంలో వన్యప్రాణుల్ని పెట్టుకునే పద్ధతి లేదు. కానీ ఎండాకాలం ముందు మన బీచ్‌లో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను అటవీ శాఖవాళ్లు సేకరించి, కంచె వేసిన ఇసుకలో పాతిపెడతారు. ఒక్కో గూటికి వంద పైచిలుకు గుడ్లు. దాదాపు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. తెల్లవారుజామున సముద్రంలోకి వదిలేటప్పుడు అనుమతి అడిగి మీ పిల్లల్ని తీసుకెళ్లండి. సెల్‌ఫోన్ లైటు వేయనివ్వకండి. వెలుగున్న వైపే సముద్రం అనుకుంటుంది తాబేలు పిల్ల. బీచ్ రోడ్డు దీపాలతోనే దానికి చాలినంత తికమక.