పాడే ముందు కారణం రాసుకో

చి. అమ్ములుకి,

పిన్ని ఆశీస్సులు. నువ్వు పంపిన పెద్ద మెసేజ్ చదివాను. ఫోన్లో మాట్లాడితే ఆ మాటా ఈ మాటా కలిసిపోతాయని ఉత్తరం రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక పని చెయ్యి. ఆ మెసేజ్‌లో పెద్దాయన పేరు, వీధి కూడా రాసేశావు. నా ఫోన్లో తీసేశాను, నీ ఫోన్లోనూ తీసెయ్. నన్ను సలహా అడగడానికి ఆయన పేరు అక్కర్లేదు.

సంగీత థెరపీ సెంటర్‌లో చేరి నెల తిరక్కుండానే మూడు చిక్కులొచ్చాయన్నావు. పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దాయన నీతో కలిసి పాట అందుకున్నాడు, కొడుకు వీడియో తీసి అందరికీ పంపుతానంటున్నాడు. ఆటిజం ఉన్న బాబు వాళ్ళమ్మ ‘పాటలతో మాటలొస్తాయా’ అని వచ్చినప్పుడల్లా అడుగుతోంది. సెంటర్ యజమానేమో ఏ జబ్బుకి ఏ రాగమో పట్టిక వేయించి గోడకి తగిలించమంటున్నాడు.

పట్టిక సంగతి ముందు తేలుద్దాం. మనింట్లో నీలాంబరి వింటూ నిద్రపోయాం కాబట్టి ఆ రాగం మనకి హాయి. పాడేరు కొండల నుంచి వచ్చిన మనిషికి దాంతో పరిచయమే లేదు. ఆమె కాలు కదిలేది థింసా నృత్యం డప్పుకి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆయనకి తప్పెటగుళ్ళ దరువు చెవిన పడితే కళ్ళు వెలుగుతాయి. ఇంకొకావిడకి నీలాంబరి అంటే పోయిన తల్లి గొంతు, ఎత్తుకున్నావంటే నిద్ర మాట అటుంచి దుఃఖం తన్నుకొస్తుంది. ఫలానా రాగం ఫలానా రోగాన్ని తగ్గిస్తుందని తేల్చిన గట్టి ఆధారం లేదు. పనిచేసే సంగీతం చాలాసార్లు ఆ మనిషి ఇష్టపడి, బతుకులో మోసుకొచ్చిన సంగీతమే. రాగాల మీద నాకున్న భక్తి నీకు తెలుసు. ఆ భక్తితోనే అంటున్నాను, వాటిని మాత్రల జాబితాలా గోడకెక్కించకూడదు. అది చూసి బీపీ మందు ఆపేసే మనిషి ఒక్కడున్నా ఆ బాధ్యత మనదే. యజమానికి మర్యాదగానే చెప్పు, కానీ గట్టిగా చెప్పు: ‘సార్, ఇది పెడితే నా పేరు కింద ఉండకూడదు.’ గోడకి ఏదో ఒకటి కావాలంటే, ఇక్కడికి వస్తున్నామని డాక్టరు ఇచ్చిన ఏ మందూ మానొద్దని పెద్ద అక్షరాలతో రాయించమను.

నేను ఇన్నేళ్ళుగా వదలని అలవాటు ఒకటుంది. పాడే ముందు కారణం రాసుకుంటాను. ఈ మనిషికి ఈవేళ ఏం కావాలి, దానికి ఈ పాటే ఎందుకు, పనిచేస్తోందని నాకెలా తెలుస్తుంది, ఏది కనిపిస్తే ఆపేస్తాను. అంతే, నాలుగు వరుసలు. ఆఖరి వరుస ఖాళీగా ఉంటే ఆ సెషన్ మొదలుపెట్టకు. నీ గొంతు బాగుంటుంది, చుట్టూ చేరి వింటారు. ఇంకో చరణం పాడమని అటెండెంట్లు కూడా అడుగుతారు. ఆ చరణం ఎవరి కోసమో తేల్చేది నువ్వు ముందే రాసుకున్న ఆ నాలుగు వరుసలే.

ఇప్పుడు పెద్దాయన. మాట రానివాళ్ళు పాట పాడగలగడం డాక్టర్లకి ఎప్పట్నుంచో తెలిసిందే. దాని ఆధారంగానే ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు 1973లో ఒక పద్ధతిని బయటపెట్టారు. రోజూ అవసరమయ్యే చిన్న మాటల్ని రెండే రెండు స్వరాల మీద, పైదీ కిందదీ, సాగదీసి పలికిస్తారు. ‘నీళ్ళు కావాలి’ అనేదాన్ని ఒక్కో అక్షరానికి ఒక్కో తట్టు చొప్పున ఎడమ చేత్తో తట్టిస్తూ అనిపిస్తారు. ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చెయ్యి పడిపోతుంది కదా, అందుకని ఎడమ చెయ్యి. మెల్లగా స్వరం తగ్గిస్తూ మామూలు మాటకి తెస్తారు. ఇది ఎదుటివాళ్ళ మాట అర్థమవుతూ తన మాట రానివాళ్ళకి నప్పుతుంది. అర్థం చేసుకునే శక్తే దెబ్బతింటే దారి వేరు. ఆ తేడా తేల్చాల్సింది స్పీచ్ థెరపిస్టు. ఆవిడ చూడకముందు నువ్వు మొదలుపెట్టకు. ‘నాకు తెలుసు’ అనిపించినా సరే ఆగు.

ఆయన వల లాగేటప్పుడు పాడే పాట పాడాడని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారన్నావు. పడనీ. కానీ అదే రోజు కొడుకుని పక్కకి పిలిచి చెప్పాల్సింది. నోట కంఠతా ఉన్న పాట రావడం వేరు, ఆకలేస్తోందని తనంతట తాను చెప్పడం వేరు. మొదటిది వచ్చింది, రెండోదాని కోసం పనిచేస్తున్నాం, ఎంతవరకు వస్తుందో మాట ఇవ్వలేం. ఈ మూడు వాక్యాలు ఇప్పుడు చెప్పకపోతే రెండు నెలలకి ‘పాడతాడుగా, కావాలనే మాట్లాడడం లేదు’ అని ఆయన మీదే విసుక్కుంటారు. అది నేను చాలా ఇళ్ళలో చూశాను.

ఇక వీడియో. కొడుకు ఫారం మీద సంతకం పెట్టాడు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకోకు. మన దగ్గర ఇంటి పెద్దకొడుకు సంతకంతో అన్నీ అయిపోతాయి, మంచం మీదున్న మనిషిని ఎవరూ అడగరు. మాట పోయింది గానీ ఆయన ఇష్టాయిష్టాలు పోలేదు. ఫోన్ చూపించి, వీడియో తీస్తున్నట్టు సైగ చేసి, బొటనవేలు పైకా కిందికా అని అడుగు. అదే ప్రశ్న తిరగేసి కూడా అడుగు, ‘వద్దా?’ అని. రెండు జవాబులూ ఒకదానికొకటి సరిపోతేనే ఆయన చెప్పినట్టు. మర్నాడు ఇంకోసారి అడుగు. ఆయన వద్దంటే సెంటర్ ఫేస్‌బుక్ పేజీకీ లేదు, చుట్టాల గ్రూపుకీ లేదు. సరేనంటే, ఇంట్లో సాధన కోసం తీసుకునేది వేరు, ఊరంతటికీ పంపేది వేరు, దేనికి ఒప్పుకున్నాడో విడివిడిగా రాయి. చినవాల్తేరు మానసిక ఆసుపత్రిలాంటి చోట పనిచేసే రోజు వస్తే గుర్తుంచుకో, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం అక్కడ వైద్యం పొందుతున్న వ్యక్తి ఒప్పుకోకుండా ఫొటో కూడా మీడియాకి ఇవ్వకూడదు. మన పెద్దాయనకి ఆ సెక్షన్ వర్తించకపోవచ్చు, ఆయన మర్యాద మాత్రం అంతే విలువైనది.

బాబు వాళ్ళమ్మ ప్రశ్న అన్నిటికంటే బరువైంది. ఆవిడకి నిజం చెప్పు. 2017లో జామా అనే వైద్య పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. తొమ్మిది దేశాల్లో 364 మంది పిల్లలు. ఐదు నెలలు చూస్తే, మామూలు సహాయం మాత్రమే అందినవాళ్ళకీ, దానికి తోడు సంగీత థెరపీ అందినవాళ్ళకీ మధ్య సామాజిక లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తర్వాత 2022లో, వైద్య అధ్యయనాల్ని బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్ళు 26 అధ్యయనాలు కలిపి చూసి, మొత్తం మీద మెరుగుదలకీ జీవన నాణ్యతకీ మేలు ఉండొచ్చన్నారు. మాటల విషయంలో మాత్రం స్పష్టమైన ఆధారం దొరకలేదు. రెండూ చెప్పు. ఒకటి దాచి ఇంకొకటి చెప్పడం అబద్ధమే. స్పీచ్ థెరపీ మాన్పించి ఆ డబ్బు నీకు కడతానంటే ఒప్పుకోకు. గాజువాక నుంచి రెండు బస్సులు మారి వస్తోందన్నావు. వారానికి రెండుసార్లు రమ్మనే ముందు, ఒకసారి చాలునేమో, ఇంట్లో ఆవిడే చేసుకునే ఆట ఏదైనా నేర్పగలవేమో ఆలోచించు. మన ఫీజు కూడా వైద్య నిర్ణయంలో భాగమే, అది పక్కనపెట్టి మాట్లాడితే లాభం లేదు.

ఏం కోసం పనిచేస్తున్నామో కొలవగలిగేలా పెట్టుకో. ‘బాబు బాగుంటాడు’ అని కాదు. డప్పు నువ్వు ఒకసారి వాయిస్తే వాడు తన వంతు కోసం ఆగుతున్నాడా, పది అవకాశాల్లో ఎన్నిసార్లు? ఆరు వారాలకి ఆ లెక్క కదలకపోతే పద్ధతి మార్చు, అప్పటికీ కదలకపోతే ఆపమని నువ్వే చెప్పు. ఇంకొకటి, వాడు చెవులు మూసుకున్నా తలుపు వైపు నడిచినా అది వద్దని చెప్పడమే. తల్లి ఒప్పుకుందని వాణ్ణి కూర్చోబెట్టకు.

ఒళ్ళు వణికి నడక తడబడే పార్కిన్సన్స్ జబ్బు వాళ్ళకి నడక కోసం తాళం వాడతానన్నావు. మంచిదే. ముందు ఏ తాళమూ లేకుండా నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టు, ఆ వేగంతోనే మొదలుపెట్టు, తర్వాత నూటికి ఐదో పదో కలుపు. ఫిజియోథెరపిస్టు పక్కన లేకుండా ఒక్క అడుగూ వద్దు. పడితే విరిగేది తుంటి ఎముక.

నెలలు నిండని పిల్లల వార్డుకి రమ్మన్నారంటే వెంటనే సరేనన్నావట. ఆ వార్డుకి వేరే శిక్షణ కావాలి, అది అయ్యేదాకా వెళ్ళకు. అక్కడ చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 1997లోనే హెచ్చరించింది. స్పీకరు పెట్టి జోలపాటలు వెయ్యడం సేవ కాదు. బిడ్డ వేళ్ళు చాచినా, వెక్కిళ్ళొచ్చినా, మొహం తిప్పేసినా, మానిటర్లో ఆక్సిజన్ తగ్గినా మరుక్షణం ఆగిపోవాలి. వీలుంటే పాడాల్సింది నువ్వు కాదు, ఆ తల్లి.

దిగులుతో ఉన్నవాళ్ళ సంగతి. హుషారు పాట పెట్టేస్తే తేరుకుంటారని అందరూ అనుకుంటారు. ఇరా ఆల్ట్‌షులర్ అనే సైకియాట్రిస్టు 1940లలో చెప్పింది దానికి ఎదురు: సంగీతం ముందు ఆ మనిషి ఉన్నచోటికి వెళ్ళాలి, అక్కడ్నుంచి కొద్దికొద్దిగా కదలాలి. నేను దీన్ని నమ్ముతాను, కానీ ఒక షరతుతో. దిగిన చోటే వదిలేసి గంట అయిపోయిందని లేవకూడదు. తేలికపడడానికి ఆఖర్న సమయం ఉంచుకో. ‘ఇక బతకాలని లేదు’ అన్న మాట వస్తే పాట ఆగిపోవాలి, ఆ మాట సైకియాట్రిస్టు దాకా అదే రోజు వెళ్ళాలి. వేళ కాని వేళైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. రహస్యంగా ఉంచుతానని అలాంటప్పుడు మాట ఇవ్వకు. పిల్లలెవరైనా తమని ఎవరో తాకుతున్నారని చెబితే కూడా అంతే. గుచ్చి గుచ్చి అడగకుండా వాళ్ళ మాటల్లోనే రాసుకో, పోలీసులకి తెలియజెయ్యి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ఆ బాధ్యత తెలిసిన ప్రతి ఒక్కరి మీదా పెట్టింది. సెంటర్ పరువు పోతుందని ఎవరన్నా నీ బాధ్యత తీరదు.

చిన్నవి కొన్ని. పేషెంట్ల ఇంటివాళ్ళు సింహాచలం ప్రసాదం ఇస్తే తీసుకో, చేపలు తెస్తే అందరితో కలిసి వండుకోండి, డబ్బు కవరు మాత్రం తిరిగిచ్చెయ్. పేషెంటు ఇంట్లో పెళ్ళికి పాడమంటే వద్దు. భక్తి పాట పాడే ముందు ఆ మనిషి దేవుడెవరో అడుగు, లేడంటే అదీ గౌరవించు.

పై ఆదివారం ఎంవీపీ కాలనీకి రా. నోటు పుస్తకం పేజీలు ఫొటో తీసి పంపకు. పేర్లు, ఊళ్ళు లేకుండా వేరే కాగితం మీద రాసి తీసుకురా. ఏ పాటలు పాడావో తర్వాత చూస్తాను, ఎక్కడ ఆపావో ముందు చూస్తాను. బాబు వాళ్ళమ్మ విషయంలో మాత్రం అప్పటిదాకా ఆగొద్దు. మంగళవారం సెషన్‌కి ముందే కూర్చోబెట్టి చెప్పు, తొందరపడకుండా, వాళ్ళాయన కూడా ఉండేలా చూసుకుని.

మీ పిన్ని