వేసవిలో కాలేజీ క్రెడిట్లు: పది వేల డాలర్ల కోర్సా, ఊళ్లోని మెంటర్ పథకమా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటున్నాము. మా అమ్మాయి పదకొండో తరగతి చదువుతోంది, డాక్టర్ కావాలని ఆమె కోరిక. ఈ వేసవికి రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి, తూర్పు తీరంలో పేరున్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో మూడు వారాల కోర్సు. ఫీజు, వసతి కలిపి 9,800 డాలర్లు, 3 కాలేజీ క్రెడిట్లు (డిగ్రీ పూర్తికి లెక్కకొచ్చే యూనిట్లు) వస్తాయి. రెండోది, మా ఊళ్లో ఒక స్వచ్ఛంద సంస్థ కమ్యూనిటీ కాలేజీతో కలిసి నడిపే ఎనిమిది వారాల మెంటర్ పథకం. ఇంగ్లిష్ 1301, గవర్నమెంట్ 2305 అనే రెండు కోర్సులకు 6 క్రెడిట్లు ఇస్తారు. మాకయ్యే ఖర్చు 60 డాలర్లు, పూర్తి చేసినవారికి 400 డాలర్ల స్టైపెండ్ కూడా ఉంది. అడ్మిషన్‌కు పనికొస్తుంది కాబట్టి మొదటిదే మంచిదని మా వారు అంటున్నారు. 529 ఖాతాలో (చదువు కోసం పన్ను మినహాయింపుతో దాచుకునే ఖాతా) 38,000, బ్యాంకులో 27,000 డాలర్లు ఉన్నాయి. మాది హెచ్-1బి ఉద్యోగ వీసా, అమ్మాయిది దాని మీద ఆధారపడిన హెచ్-4 వీసా. ఆమె మే నెలలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) ఇంగ్లిష్ లాంగ్వేజ్ పరీక్ష రాయబోతోంది, వచ్చే ఏడాది ఏపీ గవర్నమెంట్ తీసుకుంటుంది. ఆస్టిన్‌లో గానీ డాలస్‌లో గానీ టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చేరాలని ఉంది. ఏది ఎంచుకోమంటారు?

జవాబు: రెండోదే ఎంచుకోండి. అయితే ఇప్పుడు వాళ్లు చెబుతున్న కోర్సులతో కాదు. స్టైపెండ్ విషయం కూడా చేరకముందే తేల్చుకోవాలి.

ముందు కోర్సుల సంగతి చూద్దాం, మీ ఉత్తరంలో అసలు డబ్బు దాగి ఉన్నది అక్కడే. ఏపీ ఇంగ్లిష్ లాంగ్వేజ్ పరీక్షలో మంచి స్కోరు వస్తే, టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా మొదటి ఏడాది ఇంగ్లిష్ రచన కోర్సుకే క్రెడిట్ ఇస్తాయి. మెంటర్ పథకంలో చెప్పే ఇంగ్లిష్ 1301 కూడా అదే కోర్సు. ఏపీ గవర్నమెంట్, గవర్నమెంట్ 2305 కూడా అంతే, రెండూ అమెరికా కేంద్ర ప్రభుత్వం గురించే. ఒకే కోర్సుకు రెండు దారుల్లో క్రెడిట్ తెచ్చుకున్నా విశ్వవిద్యాలయం ఒక్కసారే లెక్కేస్తుంది. అంటే మీ అమ్మాయి వేసవంతా కష్టపడి తెచ్చుకునే 6 క్రెడిట్లు, ఆమె పాఠశాలలో ఎలాగూ తెచ్చుకోబోయే వాటి మీదే వచ్చి పడతాయి. కాగితం మీద 12 కనిపిస్తాయి, డిగ్రీలో 6 మాత్రమే కలుస్తాయి.

దీనికి మంచి మార్గం ఉంది. టెక్సాస్ చట్టం ప్రకారం రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ చదివే ప్రతి విద్యార్థీ ప్రభుత్వ వ్యవస్థ మీద 6 క్రెడిట్లు, అమెరికా చరిత్ర మీద 6 క్రెడిట్లు పూర్తి చేయాలి. ఇంజినీరింగ్ చదివినా, జీవశాస్త్రం చదివినా ఇది తప్పదు. ప్రభుత్వ వ్యవస్థ కోర్సుల్లో రెండోది గవర్నమెంట్ 2306, టెక్సాస్ రాష్ట్ర ప్రభుత్వం గురించి. ఏపీ పరీక్షలో ఈ భాగం ఉండదు. కాబట్టి 2305 బదులు 2306, ఇంగ్లిష్ 1301 బదులు చరిత్ర కోర్సు ఇవ్వగలరా అని పథకం నడిపేవారిని అడగండి. అమ్మాయి ఏపీ అమెరికా చరిత్ర ఇప్పటికే తీసుకుని ఉంటే చరిత్ర కూడా వద్దు, డిగ్రీలో తప్పనిసరైన మరో కోర్సు చూడాలి. ఈ నంబర్లు టెక్సాస్ అంతటికీ ఉమ్మడి పద్ధతి. మొదటి అంకె ఏ ఏడాది స్థాయో, రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. ఈ నంబరున్న కోర్సు రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మధ్య బదిలీ కావడం సులువు. అయినా మీరు ఎంచుకునే కోర్సులు, ఏపీ స్కోర్లు కలిసి తమ దగ్గర ఎలా లెక్కకొస్తాయో రెండు విశ్వవిద్యాలయాల అడ్వైజర్లనూ ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

ఇక ప్రైవేటు విశ్వవిద్యాలయం కోర్సు. 9,800 డాలర్లకు 3 క్రెడిట్లంటే ఒక్కో క్రెడిట్ సుమారు 3,270 డాలర్లు, విమాన టికెట్లు కాకుండా. ఆస్టిన్‌లో రాష్ట్ర నివాసులకు ఏడాది ట్యూషన్ ఫీజు, చదివే విభాగాన్ని బట్టి, ఇంచుమించు 11,000 నుంచి 14,000 డాలర్లు. ఏడాదికి 30 క్రెడిట్ల లెక్కన ఒక్కో క్రెడిట్‌కు 370 నుంచి 470 డాలర్లు. మీరు కనీసం ఏడు రెట్ల ధర పెట్టి కొంటున్నారు. పైగా ఆ కోర్సుకు టెక్సాస్ ఉమ్మడి నంబరు ఉండదు కాబట్టి, అది డిగ్రీలో తప్పనిసరి కోర్సుగా కాకుండా ఊరికే ఐచ్ఛిక క్రెడిట్‌గా మిగిలిపోయే అవకాశం ఎక్కువ.

మీ వారి ఆలోచనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. పేరున్న చోట మూడు వారాలు గడిపితే పిల్లకు ధైర్యం వస్తుందన్నది నిజమే. కానీ మీరు కోరుకుంటున్న ఆస్టిన్ విశ్వవిద్యాలయం టెక్సాస్ విద్యార్థులకిచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్ పాఠశాలలో తరగతి ర్యాంకును బట్టి ఉంటుంది. 2026 ఫాల్ ప్రవేశాల నుంచి ఆ హద్దు మొదటి 5 శాతానికి తగ్గింది. డబ్బు కట్టినవారిలో చాలామందిని చేర్చుకునే వేసవి కోర్సు ఆ ర్యాంకును పెంచదు. కమ్యూనిటీ కాలేజీ మార్కు మాత్రం, మీ పాఠశాల జిల్లా నియమాలను బట్టి, ర్యాంకు లెక్కలోకి రావచ్చు. ఈ విషయం స్కూలు కౌన్సిలర్‌ను తప్పకుండా అడగండి.

ఇక్కడ మరో మాట, చాలామంది తల్లిదండ్రులు దీన్ని పట్టించుకోరు. ఆస్టిన్‌లో 12 క్రెడిట్లు దాటాక ఎన్ని తీసుకున్నా సెమిస్టర్‌కు ఒకే ఫీజు. కాబట్టి 6 క్రెడిట్లు ముందే తెచ్చుకున్నంత మాత్రాన బిల్లు తగ్గదు. ఏపీ క్రెడిట్లతో కలిపి డిగ్రీకి అవసరమైన చోట 15 పోగైతే ఒక పూర్తి సెమిస్టర్ మిగులుతుంది. అప్పుడు సగం ఏడాది ఫీజు, అద్దె, భోజనం అన్నీ తప్పుతాయి. మీ ఇంట్లో దీనికి ఇంకో అర్థం ఉంది. గ్రీన్‌కార్డు ఆలోపు రాకపోతే 21 ఏళ్లు నిండాక అమ్మాయి హెచ్-4లో ఉండలేదు, ఎఫ్-1 (విద్యార్థి వీసా) వంటి మరో హోదాకు మారాలి. పద్దెనిమిదేళ్లకు కాలేజీలో చేరే పిల్లకు ఆ పుట్టినరోజు డిగ్రీ మధ్యలో వస్తుంది. ఒక సెమిస్టర్ గానీ, ఏడాది గానీ ముందే ముగించగలిగితే ఆ మార్పుతో వచ్చే ఖర్చు, ఆందోళన కొంత తగ్గుతాయి. తొందరపెట్టి మూడేళ్లలో ముగించమని నేను అనను. వైద్య విద్యకు వెళ్లాలనుకునే పిల్లకు ఆస్పత్రి అనుభవానికీ, పరిశోధనకూ సమయం కావాలి. ఆ సమయం దొరికేది కూడా ఇలా ముందే తీర్చుకున్న కోర్సుల వల్లే.

వైద్య విద్య మాట వచ్చింది కాబట్టి, వేసవిలో బయాలజీ, కెమిస్ట్రీ మాత్రం వద్దు. మెడికల్ కాలేజీ దరఖాస్తులో హైస్కూలులో ఉండగా తీసుకున్న కాలేజీ కోర్సుల మార్కులు కూడా చూపించాలి. టెక్సాస్ మెడికల్ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు అయినా, దేశవ్యాప్త దరఖాస్తు అయినా ఇదే నియమం. పదిహేడేళ్ల వయసులో వచ్చిన సి గ్రేడు ఇరవై రెండేళ్లప్పుడు ఎదురుగా వచ్చి నిలబడుతుంది. సైన్సు కోర్సులు విశ్వవిద్యాలయానికే వదిలేయండి.

అందుకే పనిభారం లెక్క వేయండి. ఒక క్రెడిట్‌కు తరగతి, ఇంటి చదువు కలిపి సుమారు 45 గంటలు. 6 క్రెడిట్లకు 270 గంటలు, ఎనిమిది వారాలకు పంచితే వారానికి దాదాపు 34 గంటలు. ఇది ఉద్యోగమంత పని. దీనితో పాటు అడ్మిషన్ వ్యాసాలు రాసుకోవాల్సిన వేసవి కూడా ఇదే. జూన్, జూలైల్లో ఇండియా ప్రయాణం గానీ, పెళ్లిళ్లు గానీ పెట్టుకుని ఉంటే ఒక్క కోర్సే తీసుకోమనండి. ఎనిమిది వారాల కోర్సులో రెండు వారాలు పోతే అది పావు సెమిస్టర్. రెండు కోర్సుల్లో బి, సి తెచ్చుకోవడం కన్నా ఒక్కదానిలో ఎ తెచ్చుకోవడం మేలు.

స్టైపెండ్ దగ్గర చాలా జాగ్రత్త అవసరం. హెచ్-4 పిల్లలు చదువుకోవడానికి వేరే అనుమతి అక్కర్లేదు, కానీ పని చేసి డబ్బు తీసుకోకూడదు. ఆ 400 డాలర్లు చిన్న పిల్లలకు చదువు చెప్పినందుకో, ఆఫీసు పని చేసినందుకో ఇచ్చేదైతే అది జీతం కిందకు వస్తుంది. పుస్తకాలకూ ఫీజుకూ ఇచ్చే స్కాలర్‌షిప్ అయితే సంగతి వేరు. ఆ డబ్బు దేనికి ఇస్తున్నారో రాతపూర్వకంగా తీసుకుని మీ ఇమ్మిగ్రేషన్ న్యాయవాదికి చూపించండి. ఆయన సందేహిస్తే స్టైపెండ్ వదులుకోండి. 400 డాలర్ల కోసం పిల్ల హోదాను ప్రమాదంలో పెట్టకూడదు.

డబ్బు ఎక్కడి నుంచి తీయాలన్నది మీరు అడగలేదు, అయినా చెప్పాలి. బ్యాంకులో ఉన్న 27,000 డాలర్లు మీ అత్యవసర నిధి. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. అద్దె, లాయర్ ఫీజు, అవసరమైతే టికెట్లు, అన్నీ ఆ రెండు నెలల్లోనే మీద పడతాయి. అందులోంచి పది వేలు తీయడం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు. 529 నుంచి తీద్దామన్నా చిక్కుంది. 2025 జూలైలో వచ్చిన చట్టంతో హైస్కూలు విద్యార్థుల డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ (హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చేయడం) ఫీజులు, ఏపీ పరీక్ష ఫీజులు కూడా 529 నుంచి పన్ను లేకుండా కట్టుకోవచ్చు. పాఠశాల స్థాయి ఖర్చులకు ఏడాది పరిమితి కూడా 2026 నుంచి 10,000 నుంచి 20,000 డాలర్లకు పెరిగింది. కానీ డిగ్రీలో కనీసం సగం భారంతో చేరని విద్యార్థి వసతి, భోజనం దీని కిందకు రావు, విమాన టికెట్లు అసలే రావు. ఆ 9,800లో వసతి వాటాను 529 నుంచి తీస్తే, అందులోని లాభం మీద ఆదాయ పన్నుతో పాటు 10 శాతం అదనపు పన్ను కట్టాలి.

ఆ 38,000 డాలర్లను అలాగే ఉంచండి. హెచ్-4 పిల్లలకు కేంద్ర ప్రభుత్వ విద్యా సహాయం, విద్యా రుణాలు రావు కాబట్టి మీ కుటుంబానికి ఆ ఖాతా ఇతరులకన్నా ముఖ్యం. కాలేజీ మొదలవడానికి ఏడాదిన్నర కూడా లేదు. మొదటి ఏడాదికి కావలసిన మొత్తం ఇంకా షేర్లలో ఉంటే దాన్ని తక్కువ రిస్కు ఎంపికలోకి మార్చండి. ఖాతాలో ఉన్న సొమ్ముకు పెట్టుబడి మార్పులు క్యాలెండర్ ఏడాదికి రెండుసార్లే అనుమతిస్తారు, కాబట్టి ఆలోచించి ఒకేసారి చేయండి.

ఇప్పటివరకు క్రెడిట్ల గురించే రాశాను. అయినా ఆ పథకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది మెంటర్. మనలో చాలామందిమి ఇక్కడ హైస్కూలు చదవలేదు. ఎంసెట్ ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుందో నిద్రలో అడిగినా చెప్పగలం గానీ, సిఫార్సు లేఖ ఎవరిని అడగాలో, పౌరసత్వం లేని పిల్లలకు ఏ స్కాలర్‌షిప్‌లు తెరిచి ఉంటాయో, ప్రొఫెసర్ ఆఫీసు వేళల్లో వెళ్లి ఏమి అడగాలో మనకు తెలియదు. ఈ మధ్యే ఆ దారిన నడిచినవారు ఎనిమిది వారాలు పక్కన ఉంటే అవన్నీ పిల్లకు అలవాటవుతాయి. ఇది డబ్బుతో కొనడం కష్టం. అందుకే మెంటర్ ఎవరో, ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలో, నేపథ్య తనిఖీ జరిగిందో, వేసవి తర్వాత కూడా అందుబాటులో ఉంటారో అడగండి. ముఖ్యంగా క్రెడిట్లు కమ్యూనిటీ కాలేజీ అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) మీద వస్తాయా, లేక స్వచ్ఛంద సంస్థ సర్టిఫికెట్ మాత్రమే ఇస్తుందా అన్నది తెలుసుకోండి. ట్రాన్‌స్క్రిప్ట్ లేకపోతే అది మంచి వేసవి శిబిరమే తప్ప క్రెడిట్ కాదు.

చేరాక గుర్తుంచుకోవలసింది ఒకటుంది. కాలేజీ కోర్సులో నమోదైన రోజు నుంచి ఆ కోర్సు రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండకపోయినా సరే. మీరు ఫోను చేసి మార్కులు అడిగితే కాలేజీ చెప్పకపోవచ్చు. వేసవి కోర్సుల్లో వదిలేయడానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఏ తేదీ వరకు డబ్బు తిరిగి ఇస్తారో, ఏ తేదీ దాటితే కోర్సు వదిలేసినట్టు ట్రాన్‌స్క్రిప్ట్ మీద గుర్తు పడుతుందో రిజిస్ట్రేషన్ రోజే రాసుకోండి. ఆ రెండో తేదీకి ముందే మొదటి పరీక్ష మార్కులు వస్తాయా అని అధ్యాపకుడికి అమ్మాయి చేతే ఈమెయిల్ రాయించండి.