తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన ఇత్తడి బిళ్ళలు ఏ పటాలానివి?

ప్రశ్న: మాది గుణుపురం. తాతగారి ట్రంకు పెట్టెలో రెండు ఇత్తడి బిళ్ళలు దొరికాయి. ఒకటి మంటలు ఎగసే గుండు, దాని కింద 'ఉబిక్వే' అని ఉంది. రెండోది భుజానికి పెట్టుకునేది, దాని మీద క్యూ, వి, ఓ అక్షరాలు. రెండింటి ఫొటో పెడుతున్నాను. ఆయన ఫిరంగుల దళంలో చేశారని ఇంట్లో అంటారు. నిజమేనా?

జవాబు: కాదండి. మీ తాతగారిది మద్రాసు సాపర్ల పటాలం, అంటే వంతెనలు కట్టేవాళ్ళు, మందుపాతరలు తీసేవాళ్ళు.

మా మావయ్య పర్లాకిమిడి నుంచి వెళ్ళి బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో (ఆ సాపర్ల పటాలానికి ఇప్పటి పేరు) చేరి, హవల్దారుగా రిటైరయ్యారు. పాత బిళ్ళలంటే ఆయనకు ప్రాణం. గుర్తులు చదవడం నాకు నేర్పింది ఆయనే.

మీ ఇంట్లో వాళ్ళు పొరబడటానికి కారణం 'ఉబిక్వే' అనే ఆ లాటిన్ మాటే, దానికి 'అంతటా' అని అర్థం. 1832లో నాలుగో విలియం రాజు దాన్ని బ్రిటిష్ ఫిరంగి దళానికీ, ఇంజనీర్ల దళానికీ రెండింటికీ ఇచ్చాడు. కాబట్టి మాటను బట్టి తేల్చలేం, మంటలు లెక్కపెట్టాలి. గుండు మీది మంటలు తొమ్మిదైతే ఇంజనీర్లు, ఏడైతే ఫిరంగులు. మీ ఫొటో పెద్దది చేసి చూశాను. ఎడమ చివరి మంట బాగా అరిగిపోయింది గానీ మొదలు కనబడుతోంది. దాన్నీ కలిపితే తొమ్మిది.

ఇక క్యూ, వి, ఓ అంటే 'క్వీన్ విక్టోరియాస్ ఓన్'. ఈ అక్షరాలు వేరే పటాలాలకూ ఉన్నాయి. కానీ సాపర్లలో బెంగాల్ వాళ్ళది 'కింగ్ జార్జ్ ద ఫిఫ్త్స్ ఓన్', బొంబాయి వాళ్ళది 'రాయల్'. విక్టోరియా పేరున్నది మద్రాసు సాపర్లకే. రెండు బిళ్ళలూ ఒకే పెట్టెలో దొరికాయి కాబట్టి నాకు అనుమానం లేదు.

ఒడిశా మనిషి మద్రాసు పటాలంలో ఎలా చేరాడని అనుకోకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గుణుపురం, కోరాపుట్ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖ జిల్లా కిందే ఉండేవి.

ఈ పటాలం 1780 సెప్టెంబర్ 30న సెయింట్ జార్జి కోటలో రెండు పయనీర్ కంపెనీలుగా (సైన్యానికి ముందు దారి చేసే దళాలు) మొదలైంది. మరుసటి ఏడే హైదరలీ మీద షోలింగర్ యుద్ధం. బ్రిటిష్ ఇంజనీర్లు గెలిచిన యుద్ధాల పేర్లు వేసుకోరు. అన్నిటికీ బదులు 'అంతటా' అనే ఆ ఒక్క మాటే. మద్రాసు సాపర్లు మాత్రం పేర్లతో పాటు బొమ్మలూ సంపాదించుకున్నారు: ఈజిప్టుకు స్ఫింక్స్ (మనిషి తల, సింహం ఒళ్ళు ఉన్న బొమ్మ), చైనాకు డ్రాగన్, అస్సాయేకి ఏనుగు. అస్సాయే ఎక్కడో లేదు, మహారాష్ట్రలో జాల్నా దగ్గర. 1803 సెప్టెంబర్ 23న మరాఠాలతో అక్కడ యుద్ధం జరిగింది. ఎదురుగా నిలబడ్డవాళ్ళూ మనవాళ్ళే కదా, అందుకే ఆ ఏనుగును చూస్తే నాకు సంతోషం కంటే బరువే ఎక్కువ అనిపిస్తుంది. నేను గర్వంగా చెప్పుకునేది సుబేదార్ సుబ్రహ్మణ్యం గురించి. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో తోటివాళ్ళను కాపాడటానికి పేలబోతున్న మందుపాతర మీద పడి ప్రాణమిచ్చారు. ఆయనకు జార్జ్ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పతకం ఇచ్చారు.

మనది గణతంత్రం అయ్యాక బిళ్ళల మీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి, లాటిన్ మాట స్థానంలో 'సర్వత్ర' నిలిచింది. బెంగళూరు (మద్రాసు), రూర్కీ (బెంగాల్), ఖడ్కీ (బొంబాయి) మూడు సాపర్ల గ్రూపులకూ అదే మాట. మావయ్య టోపీ బిళ్ళ మీద ఉన్నదీ అదే.

ఒక్క మనవి. దయచేసి వాటికి బ్రాసో (ఇత్తడి మెరిపించే పాలిష్) పెట్టకండి. ఆ మంట కొస అరిగింది మట్టిలో పడి కాదు, రోజూ పరేడ్‌కు ముందు బొటనవేలితో గుడ్డ ఒత్తి ఒకే వైపు రుద్దడం వల్ల. మావయ్య బిళ్ళ కూడా సరిగ్గా అదే వైపు అరిగింది. అది మీ తాతగారి చేతి గుర్తు, ఇంకా తోమితే పోతుంది. పొడి గుడ్డలో చుట్టి ఉంచండి చాలు.

పెట్టె అడుగున డిశ్చార్జి బుక్కు ఉందేమో వెతకండి, ఆయన నంబరూ కంపెనీ పేరూ అందులో ఉంటాయి. అలాగే భుజం బిళ్ళ వెనక వైపు ఫొటో కూడా పెట్టండి. తయారుచేసిన వాళ్ళ ముద్ర ఉంటే ఏ కాలానిదో చూసి చెబుతాను.