ప్లేటింగ్ ఊడిన సిలిండర్: వర్క్‌షాప్ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది ఉప్పల్. ట్రాక్ మీద సరదాగా నడుపుకోవడానికి టూ స్ట్రోక్ డర్ట్ బైక్ కొనుక్కున్నాను. సిలిండర్ అరిగిందంటే నగరంలోనే ఒక వర్క్‌షాప్‌లో నికాసిల్ ప్లేటింగ్ (సిలిండర్ లోపలి గోడకు వేసే గట్టి నికెల్ పొర) మళ్లీ వేయించాను. పిస్టన్ కిట్‌తో కలిపి 28 వేలు యూపీఐలో కట్టాను, బిల్లు ఇవ్వలేదు. నెల తిరక్కుండానే కంప్రెషన్ పోయింది. విప్పితే ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికి పోయే రంధ్రం) దగ్గర ప్లేటింగ్ పెచ్చులుగా లేచి ఉంది. అడిగితే, ‘ఆయిల్ సరిగా కలపలేదు, దుమ్ము పోయింది, తప్పు మీదే’ అంటున్నారు. ఆర్‌సీ లేని బండికి కేసేంటని నవ్వుతున్నారు. నేనేం చేయాలి?

జవాబు: ముందుగా ఆ సిలిండర్‌ను, పిస్టన్‌ను, రింగులను ఉన్నవి ఉన్నట్టే కవర్లో చుట్టి దాచండి. హోనింగ్ (లోపలి గోడను రాయితో సానబట్టడం) చేయించొద్దు. గోడకు పూసుకున్న అల్యూమినియాన్ని యాసిడ్‌తో కడిగించొద్దు. మెకానిక్‌లు మొదట చేసే పని అదే, దాంతో ఆధారం కాస్తా పోతుంది. ‘ఫ్రీగా మళ్లీ వేసిస్తాం, పంపండి’ అని వర్క్‌షాప్ వాళ్లు అన్నా, ఆ మాట రాతలో వచ్చేదాకా, అన్ని వైపులా ఫొటోలు తీసుకునేదాకా పంపకండి.

తప్పు ఎవరిదో చాలావరకు ఆ గోడే చెబుతుంది. దుమ్ము పోతే సాధారణంగా ఇంటేక్ (గాలి లోపలికి వచ్చే) వైపు నిలువు గీతలు పడతాయి, పిస్టన్ స్కర్టు (పిస్టన్ కింది భాగం) మసకబారుతుంది, ఎయిర్ ఫిల్టర్ వెనక గొట్టంలో ఇసుక తగులుతుంది. ఆయిల్ చాలకపోతే పిస్టన్ అల్యూమినియం కరిగి గోడకు అంటుకుంటుంది, ఎక్కువగా ఎగ్జాస్ట్ వైపే. ఇవి కనబడితే మీ కేసు బలహీనమని మొహమాటం లేకుండా చెబుతున్నాను. అలా కాకుండా పెచ్చు లేచిన చోట అడుగున అల్యూమినియం శుభ్రంగా ఉండి, చుట్టూ ప్లేటింగ్ అంచు తెగినట్టు ఉంటే, నికెల్ పొర సరిగా పట్టలేదన్న అనుమానం బలపడుతుంది. పోర్టు అంచులను చాంఫర్ చేయకపోయినా (వాలుగా అరగదీయకపోయినా) రింగు తగిలి అక్కడినుంచే లేస్తుంది. ఇక కాస్టింగ్‌లోనే (సిలిండర్ పోత పోసినప్పుడే) బ్లో హోల్స్, అంటే గాలి బుడగల గుంటలు ఉంటే పొర కింద సన్నని గుంటలు కనిపిస్తాయి. అప్పుడు ‘అది కంపెనీ కాస్టింగ్ లోపం’ అని వాళ్లు తప్పుకోజూస్తారు. ప్లేటింగ్‌కు ముందు గోడ తేల్చి చూసుకోవాల్సింది, గుంటలుంటే మీకు చెప్పాల్సింది వాళ్లే కదా. ఆ వాదన మనకు ఉంటుంది.

అయితే ఇది మీరో నేనో చూసి తేల్చేది కాదు. సేవలో లోపం ఉందని నిరూపించాల్సిన భారం ఫిర్యాదుదారుడిదేనని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 38 ప్రకారం, పరీక్ష లేకుండా తేలని లోపమైతే వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును సీల్ చేసి గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపగలదు. ఖర్చు మాత్రం ముందు మీరే డిపాజిట్ చేయాలి. ఇది వస్తువుల గురించిన నిబంధన, మీది సేవ కదా అని అవతలి లాయరు అడ్డం పడొచ్చు. పిస్టన్ కిట్ వస్తువే కాబట్టి దాన్ని కూడా ఫిర్యాదులో కలపండి, నిపుణుడి నివేదిక కావాలని విడిగా దరఖాస్తు పెట్టండి.

ఆర్‌సీ సంగతికి వస్తే, అది రోడ్డు మీద నడిపేటప్పటి గొడవ. ఇక్కడ ప్రశ్న మీరు డబ్బిచ్చి సేవ తీసుకున్నారా లేదా అన్నదే. బండిని అద్దెకు తిప్పుతూ వ్యాపారం చేస్తుంటే మాత్రం చిక్కు వస్తుంది. సరదాకే అయితే మీరు వినియోగదారుడే. బిల్లు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి, అది మీకే లాభం. యూపీఐ స్టేట్‌మెంట్, వాట్సాప్ చాట్ దాచండి, ఆ ఫోన్ మార్చకండి. చాట్‌ను దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ ఆధారానికి ఇచ్చే ధ్రువపత్రం) జత చేయండి.

15 రోజుల గడువిస్తూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబులో వాళ్లు ఏ కారణం రాస్తారో అది ముఖ్యం, తర్వాత మాట మార్చడం వాళ్లకు కష్టం. స్పందన లేకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో (వినియోగదారుల ఫిర్యాదుల ఆన్‌లైన్ వేదిక) జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. మీరు నివసించే చోటే వేసుకునే వీలుంది. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లోపం బయటపడ్డ రోజు నుంచి రెండేళ్ల గడువుంది. 28 వేలు, పరీక్ష ఖర్చు, మానసిక వేదనకు సబబైన మొత్తం అడగండి. ఈ పనికి లక్షల పరిహారం రాస్తే అసలు డబ్బు విషయం కూడా అనుమానంగా కనబడుతుంది. ల్యాబ్ నివేదికలో దుమ్మే కారణమని తేలితే మాత్రం ఇంకా లాగకుండా ఫిర్యాదు ఉపసంహరించుకోండి.