విద్యార్థులను రైటింగ్ సెంటర్‌కు పంపడం గురించి: మాధవికి పెద్దమ్మ లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. వచ్చే ఆగస్టు నుంచి ప్రజారోగ్యంలో మొదటి సంవత్సరం తరగతినీ, మాస్టర్స్ విద్యార్థుల సెమినార్‌నూ నీకు అప్పగించారని చదివి సంతోషించాను. మీ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు తాము రాస్తున్నవి చూపించి చర్చించుకునే చక్కటి రైటింగ్ సెంటర్ ఉందనీ, అందులో శిక్షణ పొందిన తోటి విద్యార్థులే ట్యూటర్లుగా ఉంటారనీ, అయినా మన పిల్లలు అటువైపు తొంగి చూడరని సహోద్యోగులు ముందుగానే పెదవి విరిచారనీ రాశావు. అమెరికా కళాశాలల్లో చరిత్ర బోధిస్తూ నా ఉద్యోగ జీవితమంతా ఈ ఫిర్యాదు వింటూనే వచ్చాను కనుక, నా అనుభవంలో పనికివచ్చినవీ పనికిరానివీ నీకు వివరంగా రాస్తున్నాను.

కోర్సు నియమాలూ గడువులూ తెలిపే సిలబస్ పత్రం చివర ‘రైటింగ్ సెంటర్ సేవలను వినియోగించుకోగలరు’ అని ఒక వాక్యం చేర్చి ఊరుకోవడం అందరూ చేసేదే. ఆ వాక్యాన్ని చదివి కదిలిన విద్యార్థిని నేను చూడలేదు. చేతిలో సగమైనా రాసిన చిత్తుప్రతి ఉండి, దానిని మార్చుకోవడానికి ఇంకా కొన్ని రోజులు మిగిలి ఉండి, వెళితే తెలివితక్కువవాడినని ఎవరూ అనుకోరన్న నమ్మకం కలిగినప్పుడు విద్యార్థి తనంతట తానే వెళతాడు. ఆ పరిస్థితిని కల్పించడం సెంటర్ వారి చేతుల్లో లేదు, నీ చేతుల్లో ఉంది.

తోటి విద్యార్థులే ట్యూటర్లుగా ఉండే ఈ ఏర్పాటు బలపడిన సందర్భం ఒకటి తెలుసుకుంటే నీకు మార్గం కొంత సుగమమవుతుంది. 1970లో సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ ఆ నగరంలో హైస్కూలు పూర్తి చేసిన వారందరికీ తలుపులు తెరిచింది. కళాశాల స్థాయి రచనకు సిద్ధంగా లేని విద్యార్థులు వేల సంఖ్యలో వచ్చారు. వారికి సహాయం చేయడానికి పెట్టిన ఏర్పాట్లను ఆ విద్యార్థులే వాడుకోలేదు. ఆ విశ్వవిద్యాలయానికే చెందిన బ్రూక్లిన్ కళాశాలలో మొదటి సంవత్సరం రచనా కార్యక్రమాన్ని నడిపిన కెన్నెత్ బ్రఫీ 1984లో దీని గురించి రాస్తూ, ఆ సహాయం తరగతి గదికే కొనసాగింపుగా కనబడడం వల్ల విద్యార్థులు దానిని తిరస్కరించారని గుర్తించాడు. అందుకే బ్రఫీ, అతని సహోద్యోగులు తోటి విద్యార్థులకు శిక్షణ ఇచ్చి ట్యూటర్లుగా కూర్చోబెట్టారు. ఈ సంగతిని నువ్వు మనసులో ఉంచుకోవాలి. నీ తరగతి నీడ ఎంత దట్టంగా ఆ గదిలో పడితే, నీ విద్యార్థులు దానికి అంత దూరం జరుగుతారు.

మొదటి జాగ్రత్త నీ మాటలోనే ఉంది. తక్కువ గ్రేడ్ వచ్చిన వ్యాసం చివర ‘రైటింగ్ సెంటర్‌కు వెళ్ళు’ అని ఎర్ర సిరాతో రాస్తే, చదివేవాడికి అది శిక్షగానే అనిపిస్తుంది. తరగతిలో మిగిలినవారికీ ఆ వార్త చేరుతుంది. కనుక ఈ మాటను మార్కులతో ముడిపెట్టకుండా, మొదటి వ్యాసం రాయకముందే, అందరినీ ఉద్దేశించి చెప్పు. ఆ తరువాత ఎవరికైనా ప్రత్యేకంగా చెప్పదలిస్తే బాగా రాసే విద్యార్థితో మొదలుపెట్టు. ‘నీ వాదన బలంగా ఉంది, దీనిని ఎవరైనా మరొకరు చదివి ఎక్కడ ఆగిపోతారో చూడు’ అని ఆ అమ్మాయికి చెబితే, ఆ గదికి వెళ్ళడం వెనకబడినవారి పని అన్న అపోహ చాలావరకు తొలగిపోతుంది. నీ సొంత పరిశోధనా వ్యాసం ఒకదాని చివర కృతజ్ఞతలు తెలిపిన భాగాన్ని తెరమీద చూపించడం కూడా మంచిది. పత్రికకు పంపేముందు ఎంతమంది దానిని చదివారో, ఎంతమంది మాటలకు నువ్వు దానిని మార్చావో వారికి తెలియదు. మన వ్యాసాలు ఒక్క ఊపులో పుట్టాయని వారు నిజంగానే అనుకుంటారు.

రెండవది, అన్నింటికన్నా ముఖ్యమైనది, నీ అసైన్‌మెంట్ క్యాలెండర్. వ్యాసం గడువు శుక్రవారమైతే గురువారం రాత్రి రాయడం మొదలుపెట్టే విద్యార్థికి ఏ ట్యూటర్ ఏమి చేయగలడు? ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు ఉంటుంది. కాబట్టి తుది గడువుకు పది రోజుల ముందు చిత్తుప్రతి ఇవ్వాలని నియమం పెట్టి, దానికి కొద్దిపాటి మార్కులు కేటాయించు. దానిని నువ్వు పూర్తిగా దిద్దనవసరం లేదు. ఒక్కో చిత్తుప్రతిమీద రెండే రెండు ప్రశ్నలు రాయి. ‘వాదన బలహీనంగా ఉంది’ అనడం వల్ల ప్రయోజనం లేదు. ‘మూడవ పేరాలో టీకాల ఖర్చు గురించి చెప్పావు, నాలుగవ పేరాలో జనం భయం గురించి చెప్పావు, ఈ రెండింటికీ సంబంధం ఏమిటి?’ అని రాస్తే, ఆ కాగితం పట్టుకుని ట్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థికి మాట్లాడడానికి ఒక విషయం దొరుకుతుంది. చాలామంది వెళ్ళకపోవడానికి బద్ధకం కారణమని అధ్యాపకులు అంటారు. వెళ్ళి ఏమి అడగాలో తెలియకపోవడమే అసలు కారణమని నా అభిప్రాయం. అడగడం తెలియనివాడు ‘గ్రామర్ చూడండి’ అంటాడు, అంతకుమించి అడగడు.

ఇక నువ్వు ప్రత్యేకంగా అడిగిన ప్రశ్న: తప్పనిసరి చేయాలా, వద్దా? ఇది ఈ దేశంలో దశాబ్దాలుగా తెగని వాదం. తప్పనిసరి చేస్తే కొందరు చివరి రోజున వెళ్ళి, కుర్చీలో కాలక్షేపం చేసి, వచ్చినట్టు రుజువు మాత్రం తెచ్చుకుంటారు. పైగా, సహాయం తరగతికి కొనసాగింపు కాకూడదన్న మూల సూత్రానికే అది భంగం. తప్పనిసరి చేయకపోతే, ఇంట్లో కళాశాల చదివిన పెద్దలెవరూ లేని విద్యార్థులు, అంటే ఆ సహాయం అందరికన్నా ఎక్కువ పనికివచ్చేవారు, అటువంటి గది ఉందని తెలిసి కూడా గడప దాటరు. దాటేవారు ఎలాగూ ధైర్యం ఉన్నవారే. రెండు వైపులా న్యాయం ఉంది. నేను చివరికి స్థిరపడిన పద్ధతి ఏమిటంటే, మొదటి వ్యాసానికి అందరూ ఒక్కసారి వెళ్ళాలి, ఆ తరువాత ఎవరి ఇష్టం వారిది. వెళ్ళిన రుజువు నేను అడిగేదాన్ని కాదు. ట్యూటర్‌తో మాట్లాడిన తరువాత ఏమి మార్చారో, ఏ సలహాను కావాలనే వదిలేశారో, ఎందుకు వదిలేశారో ఒక పేరాలో రాసి వ్యాసంతోపాటు ఇవ్వమనేదాన్ని. సలహాను కాదనే హక్కు తమకు ఉందని తెలిసినప్పుడు విద్యార్థులు మరింత నిశ్చింతగా కూర్చుంటారు. వెళ్ళినందుకు అదనపు మార్కులు ఇవ్వడం నాకు నచ్చదు. మార్కులు ఆగిన రోజున రాకపోకలూ ఆగిపోతాయి. సాయంత్రాలు ఉద్యోగం చేసుకునేవారు, పిల్లలున్నవారు నీ తరగతిలో తప్పక ఉంటారు. వారికోసం ఆన్‌లైన్ సమావేశాలు ఉన్నాయో లేదో నియమం పెట్టకముందే కనుక్కో.

సెమిస్టర్ రెండవ వారంలో ఒక ట్యూటర్‌ను తరగతికి ఆహ్వానించు. కరపత్రం చదివి వినిపించే పది నిమిషాల పరిచయం వద్దు. నువ్వు రాస్తున్న వ్యాసంలోని ఒక పేజీని, ఇంకా కుదరని పేజీని, ఆ ట్యూటర్ ముందు పెట్టి, వారు నిన్ను ప్రశ్నలడుగుతుంటే నువ్వు తడబడుతూ సమాధానం చెబుతుండగా విద్యార్థులను చూడనివ్వు. ట్యూటర్ కలం పట్టుకోడనీ, గట్టిగా చదివించి ప్రశ్నిస్తాడనీ, తీర్పు చెప్పడనీ వారికి కళ్ళారా తెలుస్తుంది. నీ తరగతిలో ఇదివరకు చదివిన విద్యార్థే ట్యూటర్‌గా దొరికితే మరీ మేలు, కానీ మొదటి ఏడాదిలో నీకు ఆ అదృష్టం ఉండదు.

మన హైదరాబాదు, గుంటూరు, విశాఖల నుంచి వచ్చే మాస్టర్స్ విద్యార్థుల సంగతి కొంచెం వేరు. బి.డి.ఎస్., బి.ఫార్మసీ చదివి ప్రజారోగ్యంలోకి వచ్చేవారిలో చాలామందికి పరీక్షలో జవాబు రాయడం తెలుసు గాని, పది పేజీల వాదనను సొంతంగా నిర్మించే అవసరం అంతకుముందు పడి ఉండదు. వారు సీనియర్లకు చూపిస్తారు, రూమ్మేట్లకు చూపిస్తారు, ఈమధ్య చాట్‌బాట్‌కూ చూపిస్తున్నారు. ఇరవై ఏళ్ళ బి.ఏ. విద్యార్థి ముందు కూర్చోవడం మాత్రం నామోషీగా భావిస్తారు. మరికొందరు ఇంకో రకంగా భయపడతారు. కాపీ కొట్టారన్న ఆరోపణ వస్తే వీసాకే ముప్పు వస్తుందేమోనన్న దిగులుతో, ఇతరుల సహాయం తీసుకోవడమే నేరమనుకుంటారు. రైటింగ్ సెంటర్ సహాయం నీ తరగతిలో పూర్తిగా సమ్మతమేనని సిలబస్‌లో స్పష్టంగా రాసి, నోటితోనూ చెప్పు. అక్కడ తమ ఇంగ్లీషును ఎవరూ వరసగా దిద్ది ఇవ్వరని కూడా ముందే చెప్పు; ఆ ఆశతో వెళ్ళి నిరాశపడినవారు రెండోసారి వెళ్ళరు. వారిని మొదటిసారి పంపడానికి వ్యాసమే అక్కరలేదు. ఇంటర్న్‌షిప్‌కు రాసే కవర్ లెటర్‌ను కూడా చాలా సెంటర్లలో చూస్తారు. దానితో అలవాటైనవారు తరువాత సెమినార్ పేపర్ పట్టుకుని వాళ్ళే వెళతారు.

ట్యూటర్ల గౌరవాన్ని నువ్వే కాపాడాలి. వ్యాసం బాగాలేనప్పుడు ‘ట్యూటర్ నీకు ఇది చెప్పలేదా?’ అని ఎన్నడూ అనకు. వారు నీ సహాయకులు కారు, గ్రేడ్‌కు హామీ ఇవ్వరు, విద్యార్థి ఏమి మాట్లాడాడో నీకు నివేదించవలసిన వారూ కారు. చాలా సెంటర్లు విద్యార్థి అనుమతి లేకుండా అధ్యాపకులకు ఏ వివరమూ పంపవు. ఆ నియమం వల్లనే పిల్లలు అక్కడ ‘నాకు ఈ అసైన్‌మెంటే అర్థం కాలేదు’ అని చెప్పగలుగుతారు.

నువ్వు జూలైలోనే చేయవలసిన పని ఒకటి ఉంది. సెంటర్ డైరెక్టర్‌ను కలిసి, నీ అసైన్‌మెంట్ పత్రాలూ గడువులూ వారికి ఇవ్వు. ముందు చెప్పకుండా ఒకే వారంలో నలభైమందిని పంపితే, అపాయింట్‌మెంట్లు నిండిపోయి నీ విద్యార్థులకే కాక ఇతరులకూ చోటు దొరకదు. తరగతిని రెండు భాగాలు చేసి, వేర్వేరు వారాల్లో గడువులు పెట్టుకోవచ్చేమో వారినే అడుగు. సెమిస్టర్ చివరి వారాల్లో రద్దీ విపరీతంగా ఉంటుంది కనుక, మాస్టర్స్ సెమినార్ చిత్తుప్రతిని అక్టోబరు ఆఖరుకే అడగడం మంచిది. అప్పటికి వారి దగ్గర ఆరు పేజీలే ఉన్నా ఫరవాలేదు, ఆరు పేజీలతోనే వెళ్ళమను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ