సినిమా టికెట్ల యాప్ డిజైన్: బుకింగ్ కిటికీ దగ్గర నేర్చుకున్నవి

‘మా ఊళ్ళో మూడు థియేటర్లు కలిసి సొంతంగా టికెట్ల యాప్ చేయించుకుంటున్నాయి. డిజైన్ పని నాకు అప్పగించారు. చదువుకున్నవాళ్ళకీ, అంతగా చదువుకోనివాళ్ళకీ తేలిగ్గా ఉండాలంటే దేని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి?’ అని మీరు అడిగారు.

నేను నాలుగేళ్ళు ఇలాంటి యాప్ మీదే పనిచేశాను. జిల్లాల్లోని సింగిల్ స్క్రీన్ థియేటర్ల కోసం చేసిన యాప్ అది. కాబట్టి మీ పరిస్థితి నాకు బాగా తెలిసిందే. ముందుగా ఒక్క మాట. స్క్రీన్లు గీయడం మొదలుపెట్టకముందే ఒక థియేటర్లో బుకింగ్ కిటికీ లోపల, క్లర్క్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. శుక్రవారం మార్నింగ్ షోకి ఒకసారి, ఆదివారం ఫస్ట్ షోకి ఇంకోసారి.

నేను తెనాలిలో అలా కూర్చున్నాను. కిటికీ కంతలోంచి నోట్లు పట్టుకున్న చెయ్యి ఒకటి లోపలికి వచ్చింది. ‘‘బాల్కనీ నాలుగు’’ అన్నాడు బయటి మనిషి. ‘‘నాలుగూ పక్కపక్కనే కావాలంటే ముందు వరసలో ఉన్నాయి బాబాయ్, వెనక అయితే రెండూ రెండూ వస్తాయి, ఏవివ్వను?’’ అని అడిగాడు క్లర్క్. ‘‘పక్కపక్కనే ఇవ్వు.’’ క్లర్క్ టికెట్లు చింపి, వాటి మీద పెన్నుతో సీటు నంబర్లు వేసి, చిల్లర ఆ టికెట్ల మీదే పెట్టి బయటికి తోశాడు. మొత్తం అరనిమిషం కూడా పట్టలేదు.

ఆ మనిషి సినిమా పేరు చెప్పలేదు, తేదీ చెప్పలేదు, తన ఫోన్ నంబరు ఇవ్వలేదు. క్లర్క్ కూడా నిజంగా తేల్చుకోవాల్సిన ఒక్క విషయమే అడిగాడు. అన్నిటికంటే ముఖ్యం, డబ్బు లోపలికి వెళ్ళడం, టికెట్ బయటికి రావడం ఒకేసారి జరిగాయి. యాప్‌లో ఈ రెండిటికీ మధ్య ఖాళీ ఉంటుంది. జనం టెన్షన్ పడేదంతా ఆ ఖాళీలోనే. నన్నడిగితే మీ సమయంలో సగం ఆ కొద్ది సెకన్ల మీదే పెట్టండి.

నాకే జరిగింది చెబుతాను. ఒక సంక్రాంతికి ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల కోసం హైదరాబాద్ నుంచి రెండు టికెట్లు బుక్ చేశాను. యూపీఐ పిన్ కొట్టాను, బ్యాంకు నుంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది. టికెట్ల యాప్‌లోకి తిరిగి వస్తే మొదటి పేజీ కనిపించింది. బుక్ అయిందో లేదో ఒక్క ముక్క లేదు. ఆ సీట్లు చూస్తే అమ్ముడైపోయినట్టు ఉన్నాయి. నాకు అమ్ముడయ్యాయా, వేరే ఎవరికైనానా? అమ్మ ఫోన్ చేసి ‘‘బయల్దేరమంటావా?’’ అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియక వేరే సీట్లకి మళ్ళీ డబ్బు కట్టాను. మొదటి డబ్బు నాలుగో రోజు వెనక్కి వచ్చింది. వచ్చేదాకా రోజూ పాస్‌బుక్ చూసుకున్నట్టు బ్యాంకు యాప్ చూసుకున్నాను.

అలా ఎందుకు అవుతుందో తెలుసుకుంటే డిజైన్ ఎలా ఉండాలో దానంతటదే తెలుస్తుంది. డబ్బు కట్టడానికి మనిషి మీ యాప్ వదిలి యూపీఐ యాప్‌లోకి వెళతాడు. తక్కువ మెమరీ ఉన్న ఫోన్ అయితే ఆ కాసేపట్లో వెనక ఉన్న మీ యాప్‌ని ఫోన్ మూసేస్తుంది. తిరిగి రాగానే యాప్ కొత్తగా తెరుచుకుంటుంది. కాబట్టి బుకింగ్ ఎక్కడిదాకా వచ్చిందన్నది ఫోన్‌లో కాకుండా సర్వర్‌లో ఉండాలి. యాప్ ఎప్పుడు తెరిచినా, తేలని బుకింగ్ ఒకటి ఉంటే ముందు అదే కనిపించాలి. పేమెంట్ సంగతి తేలేదాకా సీట్లు వదలకూడదు.

ఇక ఆ స్క్రీన్ మీద రాసే మాటలు. మేము మొదట ‘లావాదేవీ ప్రక్రియలో ఉంది’ అని పెట్టాం. యాప్ వాడి చూడమని మేము పరీక్షకి కూర్చోబెట్టిన ఒకాయన అది చదివి, అయిపోయిందనుకుని ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. తర్వాత ఇలా మార్చాం: ‘మీ డబ్బు ఇంకా మాకు చేరలేదు. సీట్లు మీ పేరు మీదే ఉంచాం. మళ్ళీ కట్టకండి.’ ఆ చివరి రెండు మాటలు పెట్టాక రెండుసార్లు కట్టామన్న ఫోన్లు బాగా తగ్గాయి. బుకింగ్ కాకపోతే డబ్బు ఎప్పటికి వస్తుందో తేదీ వేసి చెప్పండి. రిజర్వ్ బ్యాంకు 2019లో ఇచ్చిన నిబంధన ప్రకారం, ఖాతాలో డబ్బు తగ్గి వ్యాపారికి పేమెంట్ అందినట్టు రాకపోతే, యూపీఐలో ఆ రోజు నుంచి 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకీ ఖాతాదారుకి 100 రూపాయలు ఇవ్వాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు. ‘14వ తేదీలోగా వస్తుంది’ అని రాసి ఉంటే మనిషి కుదుటపడతాడు.

సీట్లు పట్టి ఉంచే గడియారం గురించి కూడా. ఎర్ర అంకెలు టకటకా తగ్గుతుంటే పెద్దవాళ్ళు కంగారులో పిన్ తప్పు కొడుతున్నారు. చివరి రెండు నిమిషాలదాకా దాన్ని చూపించకండి.

ధర విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మొత్తం ఎంతో మొదట్లోనే చెప్పాలి. 110 రూపాయల టికెట్లు నాలుగైతే 440. టికెట్‌కి 15 చొప్పున కన్వీనియన్స్ ఫీజు పెట్టారనుకోండి, అది 60. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 10.80. వెరసి 510.80. సీట్లు నొక్కుతున్నప్పుడే కింద 510.80 కనిపించాలి. 440 అని చూపించి చివరి మెట్టు మీద 70 రూపాయలు కలిపితే, ఆ మనిషి ఈసారికి కడతాడు గానీ వచ్చేవారం నేరుగా కిటికీ దగ్గరికే వెళతాడు. ముందే టిక్ పెట్టేసిన విరాళం, ముందే చేర్చేసిన పాప్‌కార్న్ లాంటివి అసలు వద్దు. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇలాంటి 13 రకాల పద్ధతులు తప్పని ప్రకటించింది. అడగకుండా విరాళం కలపడం, ధర కొంచెం కొంచెంగా బయటపెట్టడం రెండూ అందులో ఉన్నాయి. థియేటర్ ఓనర్లు ‘అందరూ చేస్తున్నారు కదండీ’ అంటారు. అప్పుడు ఆ మార్గదర్శకాలు ప్రింటు తీసి చూపించండి. నేను అలాగే ఒప్పించాను.

ఇప్పుడు సీట్ల పటం. చాలా ఫోన్ల స్క్రీన్ వెడల్పు ఆండ్రాయిడ్ లెక్కలో 360 యూనిట్లు ఉంటుంది. వేలితో తప్పు లేకుండా నొక్కాలంటే ఒక్కో గుండీకి (బటన్‌కి) 48 యూనిట్లు ఉండాలని ఆండ్రాయిడ్ వాళ్ళే చెబుతారు. వరసకి 24 సీట్లున్న హాలుని పూర్తిగా చూపిస్తే ఒక్కో సీటుకి 15 దక్కుతాయి. పొలం పని చేసిన వేళ్ళతో ఆ గడి నొక్కడం ఎంత కష్టమో పక్కన నిలబడి చూస్తేగానీ తెలియదు. అందుకే తెనాలి క్లర్క్ చేసిందే మేమూ చేశాం. ముందు ‘ఎన్ని టికెట్లు?’, తర్వాత ‘ఏ క్లాసు?’ అని అడుగుతాం. పక్కపక్కనే ఉన్న మంచి సీట్లు యాపే చూపిస్తుంది. నచ్చకపోతే పటం పెద్దది చేసుకుని మార్చుకోవచ్చు. మా పరీక్షల్లో ఎక్కువమంది మార్చుకోలేదు.

పటంలో తెర ఎటువైపు ఉందో పెద్దగా చూపించండి, ‘తెర’ అని రాయండి కూడా. కొన్ని థియేటర్లలో ‘A’ అక్షరం వరస తెర దగ్గర మొదలవుతుంది, కొన్నిట్లో వెనక గోడ దగ్గర. అమ్ముడైన సీటుకి ఎరుపు, ఖాళీ సీటుకి ఆకుపచ్చ అని రంగులతో సరిపెట్టకండి. ఆ రెండు రంగులకీ తేడా తెలియనివాళ్ళు ఉన్నారు. అమ్ముడైన సీటు మీద అడ్డగీత వేయండి. మెట్లు ఎక్కకుండా వెళ్ళగలిగే వరసలు ఏవో గుర్తు పెడితే మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఎంత మేలో చెప్పలేను. క్లాసుల పేర్లు బయట బోర్డు మీద ఎలా ఉంటే అలాగే ఉంచండి. జనం బాల్కనీ అనే దాన్ని యాప్‌లో ‘ప్రీమియం’ అంటే, అది వేరే ఏదో అనుకుంటారు.

తేదీ దగ్గర ఒక పొరపాటు నా కళ్ళారా చూశాను. పెద్ద హీరోల సినిమాలకి అనుమతి దొరికినప్పుడు అర్ధరాత్రి దాటాక షో వేస్తారు. టికెట్ మీద ‘శుక్రవారం 1:00 ఏఎం’ అని ఉంది. ఒక కుటుంబం శుక్రవారం రాత్రి భోజనాలు చేసి, పిల్లల్ని తీసుకుని తీరిగ్గా గేటు దగ్గరికి వచ్చింది. వాళ్ళ షో అయిపోయి దాదాపు ఒక రోజు గడిచింది. గేటుమ్యాన్ చెబుతుంటే ఆ తండ్రి టికెట్‌నీ, ఫోన్‌లో తేదీనీ మార్చి మార్చి చూసుకున్నాడు. తప్పు ఆయనది కాదు. ‘గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం, ఒంటిగంటకి’ అని రాసి ఉంటే సరిపోయేది. మామూలు షోలకి కూడా టైముతో పాటు మార్నింగ్ షో, మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో అనే మాటలు తప్పకుండా వేయండి.

తెలుగు అక్షరాల గురించి డెవలపర్లకి ముందే చెప్పండి. ఇంగ్లిష్‌కి సరిపోయిన లైను ఎత్తు మనకి చాలదు, ‘లక్ష్మీ’ అన్న పేరులో కింది వత్తో పై గుడో తెగిపోతుంది. ‘ధ్రువీకరించు’ అన్న గుండీ దగ్గర మా పరీక్షకి వచ్చినవాళ్ళు ఆగిపోయారు. ‘డబ్బు కట్టండి’ అని మారిస్తే ఎవరూ ఆగలేదు.

లాగిన్ సంగతి చిన్నది. షోలూ ధరలూ చూడటానికి ఓటీపీ అడగకండి, డబ్బు కట్టేముందు అడిగితే చాలు. మూడు థియేటర్లూ ఒకే ఊళ్ళో ఉన్నప్పుడు లొకేషన్ పర్మిషన్‌తో పనే లేదు.

మనవైపు బుక్ చేసేవాడు ఒకడు, సినిమాకి వెళ్ళేవాళ్ళు వేరు. కొడుకు గచ్చిబౌలిలో, అమ్మానాన్నలు ఊళ్ళో. టికెట్‌ని ఒక్క నొక్కుతో వాట్సాప్‌లో బొమ్మగా పంపే వీలుండాలి. ఆ బొమ్మ మీద థియేటర్ పేరు, పేట పేరు, షో, వరస, సీటు నంబర్లు పెద్ద అక్షరాల్లో ఉండాలి. నెట్ లేకపోయినా తెరుచుకోవాలి. నాన్న దగ్గర ఉన్నది బటన్ ఫోన్ అయితే ఎస్సెమ్మెస్‌లో ఆరంకెల నంబరు వెళ్ళాలి. గేటు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ కాకపోయినా ఆ నంబరు చూసి లోపలికి పంపొచ్చు. కరెంటు పోయో, జనం లేకో షో ఆపేస్తే, ఎవరూ అడగకుండానే డబ్బు వెనక్కి వెళ్ళిపోవాలి. వాళ్ళు ఇంటి నుంచి బయల్దేరకముందే మెసేజ్ అందాలి.

చివరగా, ఓనర్లు సీట్ల ప్లాన్ కాగితం ఇస్తారు. దాన్ని యాప్‌లో ఎక్కించేముందు పగలు లైట్లు వేయించుకుని, హాల్లో వరస వరసా నడిచి లెక్కపెట్టండి. మేము అలా చేయకుండా ఒక థియేటర్‌ని మొదలుపెట్టాం. బాల్కనీలో విరిగిపోయి తీసేసిన రెండు కుర్చీలు కాగితంలో మాత్రం ఉన్నాయి. వరసగా మూడు ఆదివారాలు ఆ రెండు సీట్లు అమ్ముడయ్యాయి. మూడో వారం ఆ టికెట్లు కొన్న ముసలి దంపతుల్ని గేటుమ్యాన్ తన ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి కూర్చోబెట్టాడు. మాకు ఫోన్ చేసి చెప్పింది కూడా అతనే.