పేదరికం మీద పనిచేస్తానంటున్న బిడ్డకు ఎంబీఏ ఎందుకు?

ప్రశ్న: మేడం, నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. ఉప్పల్‌లో ఉంటాం. మా బిడ్డ బీకాం ఫైనలియర్. కాలేజీలో ఏదో సెమినార్ విని వచ్చినప్పటి నుంచి మేనేజ్‌మెంట్ చదివి ప్రపంచంలో పేదరికం తగ్గించే పని చేస్తానంటోంది. రూరల్ మేనేజ్‌మెంట్ అని కోర్సు ఉందట, గుజరాత్ పోతుందట. మేం ఇప్పుడిప్పుడే ఒడ్డున పడ్డాం. ఎంబీఏ చేస్తే కంపెనీలో ఉద్యోగం వస్తదని తెలుసు గానీ, పేదరికానికి ఎంబీఏకి ఏం సంబంధం? పది లక్షలు అప్పు చేసి చదివిస్తే అది తీరేదెట్లా?
- ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: అన్నా, అప్పు సంగతి చివర్లో మాట్లాడదాం. ముందు మీరు కొంచెం విసుగ్గా అడిగిన ‘ఏం సంబంధం’ అన్న దగ్గర మొదలుపెడతాను. అది చాలా మంచి ప్రశ్న. మీ అమ్మాయి విన్న సెమినార్‌లో ఎవరూ అడిగి ఉండరు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఆఫీసు మెట్ల కింద ఒక టిఫిన్ బండి ఉంది. ఆలుమగలిద్దరూ నడుపుతారు. పొద్దున ఆరింటికి ఇడ్లీ మూత తీస్తే పదిన్నరకల్లా చట్నీ గిన్నె ఖాళీ. చుట్టూ కోచింగ్ పిల్లలే కాబట్టి గిరాకీకి లోటు లేదు, వాళ్ళ కష్టానికీ లోటు లేదు. అయినా ఆమె పుస్తెలతాడు నాలుగేళ్ళుగా కుదువలోనే ఉంది. పదకొండింటికి బైకు మీద ఒకతను వస్తాడు, చిన్న కార్డు మీద టిక్కు పెట్టి వంద రూపాయలు పట్టుకుపోతాడు. డైలీ ఫైనాన్స్. పది వేలు అని రాసుకుని, 1,500 ముందే కోసుకుని, చేతికి 8,500 ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి.

‘వడ్డీ ఎంత పడుతోందమ్మా’ అని అడిగితే ‘పదిహేను వందలే కద మేడం’ అంది.

పోయినేడు మా దగ్గరికి ప్రాజెక్టు పని మీద వచ్చిన ఒక ఎంబీఏ అమ్మాయి ఆ బండి పక్కన స్టూలు వేసుకుని మూడు పొద్దులు కూర్చుంది. 8,500 మీద 1,500 అంటే, మూడు నెలల పది రోజులకి, చూడ్డానికి నెలకు నూటికి ఐదు రూపాయల చిల్లరే. కానీ అసలు మొదటి రోజు నుంచే తిరిగిపోతూ ఉంటుంది. యాభయ్యో రోజుకల్లా సగం కట్టేసి ఉంటారు. సగటున ఆమె వాడుకునేది దాదాపు సగం డబ్బే, వడ్డీ మాత్రం మొత్తం మీద. లెక్క సరిగ్గా వేస్తే నూటికి పది రూపాయల వడ్డీ తేలుతుంది, ఏడాదికి సుమారు 120 శాతం. ఇది విని బండాయన చేతిలో గరిటె ఆగిపోయింది. అలాంటి కార్డులు అప్పటికి వాళ్ళ దగ్గర రెండున్నాయి, మూడోదానికి మాటలు నడుస్తున్నాయి.

ఆ అమ్మాయి కనిపెట్టిన ఇంకో సంగతి ఇంతకన్నా చిన్నది. ఇంటి డబ్బు, బండి డబ్బు ఒకే స్టీలు డబ్బాలో పడేవి. కొడుకు ట్యూషన్ ఫీజు కట్టిన వారం గ్యాస్ సిలిండర్‌కి డబ్బుండదు, దాంతో మళ్ళీ బైకతనికి ఫోను. ఆమె రెండో డబ్బా పెట్టించింది, మూతకి ఎర్ర దారం కట్టి. రాత్రి లెక్క చూసుకున్నాక ఇంటికి ఇంత అని తీయడం, మిగతాది ఎర్రదారం డబ్బాలో వేయడం. అంతే. వాళ్ళేమీ షావుకార్లు అయిపోలేదు. మూడో కార్డు రాలేదు, రెండోది తీరింది. పుస్తెలతాడు ఇంకా అక్కడే ఉంది.

మీకు ఇది కొత్తేమీ కాదని నాకు తెలుసు. డిపోలో క్యాష్ కట్టేటప్పుడు తేడా వస్తే ఎవరి జేబులోంచి పోతుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. బస్సు డబ్బు, ఇంటి డబ్బు కలవనివ్వకుండా ఇన్నేళ్ళు బతికిన మనిషి మీరు. మేనేజ్‌మెంట్ చదువులో పేదవాళ్ళకి పనికొచ్చే భాగం చాలావరకు ఇలాంటిదే.

ఇది నా ఒక్కదాని నమ్మకం కూడా కాదు. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులను గుంపులుగా విడదీసి ఒకళ్ళకి పద్ధతైన అకౌంటింగ్ పాఠాలు చెప్పారు, ఇంకొకళ్ళకి ‘ఇంటి డబ్బు ఒక సొరుగు, షాపు డబ్బు ఒక సొరుగు’ లాంటి మోటు సూత్రాలు చెప్పారు. మోటు సూత్రాలే పనిచేశాయి, పుస్తకం అకౌంటింగ్ పెద్దగా అంటలేదు. 2014లో అచ్చయిన అధ్యయనం ఇది. ఆఫ్రికాలో టోగో రాజధాని లోమేలో 1,500 మంది చిన్న వ్యాపారుల మీద ఇంకోటి చేశారు, 2017లో వచ్చింది. మామూలు బిజినెస్ పాఠాలు విన్నవాళ్ళ లాభం 11 శాతం పెరిగినట్టు కనిపించినా, అది పాఠాల వల్లేనని గట్టిగా చెప్పలేని పరిస్థితి. ముందడుగు వేయడం, ఎదుటివాడికంటే వేరుగా ఆలోచించడం, అడ్డొస్తే ఇంకో దారి వెతకడం నేర్పిన గుంపుకి మాత్రం లాభం 30 శాతం పెరిగింది. అంటే ‘బిజినెస్ చదువు’ అన్న బోర్డు చూసి మురిసిపోవడానికి లేదు, ఏం నేర్పుతున్నారో చూసుకోవాలి.

పెద్ద ఫ్యాక్టరీల్లోనూ ఇదే కథ. ముంబై దగ్గరి బట్టల మిల్లులకి కన్సల్టెంట్లను పంపి, ఏ మగ్గం ఎందుకు ఆగిందో రాయించడం, నూలు నిల్వను వరస పెట్టించడం, లోపాలున్న గుడ్డ లెక్క రోజూ చూడటం అలవాటు చేశారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది, మూడేళ్ళు తిరిగేసరికి వాళ్ళు కొత్త యూనిట్లు కూడా తెరిచారు. కొత్త యూనిట్ అంటే ఎవరికో కొత్త కొలువు.

ఇక ‘ప్రపంచ పేదరికం’ అన్న పెద్ద మాట. ప్రపంచ బ్యాంకు 2025 జూన్ నుంచి రోజుకు 3 డాలర్ల లోపు బతుకును అతి పేదరికం అంటోంది. ఇది దేశాల ధరల తేడా సర్దిన డాలరు, మన బ్యాంకు రేటుతో గుణించకండి. ఆ గీత కింద ఇంకా సుమారు 80 కోట్ల మంది ఉన్నారు. 1990 నుంచి ఈ సంఖ్య బాగా తగ్గిందంటే అందులో పెద్ద వాటా చైనా, ఇండియాల్లో పెరిగిన కొలువులది, కూలి రేట్లది, పంటలది. ఎంబీఏ వాళ్ళు తగ్గించారని నేనైతే చెప్పను. ఐక్యరాజ్యసమితి 2007లో బిజినెస్ స్కూళ్ళ కోసం బాధ్యతగల చదువుకి కొన్ని సూత్రాలు పెట్టింది, చాలా కాలేజీలు సంతకం చేశాయి. బ్రోచర్ మీద ఆ ముద్ర చూసి చేరమని మాత్రం మీ అమ్మాయికి చెప్పకండి.

ఆమెకి చెప్పాల్సిన కథ ఇంకోటుంది, మన ఊరిదే. పేద ఆడవాళ్ళకి చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్‌కి ఒకప్పుడు దేశం మొత్తం మీద హైదరాబాదే అడ్డా. బాగా చదువుకున్నవాళ్ళు, మంచి మాటలు చెబుతూనే మొదలుపెట్టారు. 2010 ఆగస్టులో ఒక పెద్ద సంస్థ షేర్ మార్కెట్‌కి కూడా వెళ్ళింది. కానీ ఎన్ని అప్పులిచ్చాం, ఎంత వసూలైంది అన్నదే కొలత అయిపోయింది. ఒకే ఇంటికి నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి, ఒకటి తీర్చడానికి ఇంకోటి. వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు వచ్చాక అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, ఆ పరిశ్రమ ఇక్కడ కుప్పకూలింది. అక్కడ కూర్చున్నదీ మేనేజ్‌మెంట్ చదివినవాళ్ళే అన్నా. టిఫిన్ బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నదీ అదే చదువు. మీ అమ్మాయి రేపు ఏ సంస్థలో చేరినా, అక్కడ నెలాఖరు మీటింగులో దేని లెక్క అడుగుతారో ముందే కనుక్కోమనండి. ఇంటర్వ్యూలోనే అడగొచ్చు, తప్పేం లేదు.

గుజరాత్ అన్నారంటే ఆనంద్‌లోని ఇర్మా (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రూరల్ మేనేజ్‌మెంట్) అయ్యుంటుంది. పాల సంఘాలకి చదువుకున్న మేనేజర్లు కావాలని అమూల్ డెయిరీని పెంచిన వర్గీస్ కురియన్ 1979లో పెట్టించిన సంస్థ. 2025లో దాన్ని త్రిభువన్ సహకారీ యూనివర్సిటీగా మార్చారు. అక్కడి పద్ధతిలో నాకు నచ్చేది, పిల్లల్ని వారాల తరబడి పల్లెలో ఉంచడం. పాల సొసైటీలో తెల్లారి ఆరింటికి క్యాన్ దించి, రైతు కళ్ళముందే వెన్న శాతం చూసి చీటీ చేతికిస్తారు. ఆ చీటీ మీద నమ్మకం లేకపోతే ఎంత పెద్ద డెయిరీ అయినా నిలబడదు. ఆ కిటుకు క్లాసులో రాదు. అంత దూరం కూడా అక్కర్లేదు, 1956లో పెట్టిన ముల్కనూరు సహకార బ్యాంకు, దాని పక్కనే ఆడవాళ్ళు నడిపే డెయిరీ మన దగ్గరే ఉన్నాయి. హుజూరాబాద్, హనుమకొండ వైపు డ్యూటీ పడితే ఒకసారి దిగి చూడండి.

ఇంటికి దగ్గరగా రాజేంద్రనగర్‌లో రెండు సంస్థలున్నాయి. ‘మేనేజ్’ అనే జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థలో అగ్రి బిజినెస్ కోర్సు పేరున్నదే, కానీ అది వ్యవసాయం, దాని అనుబంధ డిగ్రీల వాళ్ళకి, బీకాంతో కుదరదు. ఎన్ఐఆర్‌డీ, అంటే జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో రూరల్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమాకి ఏ డిగ్రీ అయినా చాలు, ఈ ఏటి నోటిఫికేషన్ చూసుకుని దరఖాస్తు చేయండి. రూరల్ మేనేజ్‌మెంట్‌కే భువనేశ్వర్‌లో ఎక్స్ఐఎం యూనివర్సిటీ ఉంది. ఇవేవీ వద్దనుకుంటే ఐసెట్ రాసి కన్వీనర్ కోటాలో మామూలు ఎంబీఏ చేసి, ప్రాజెక్టు మాత్రం రైతు సంఘంలో చేసినా నాకు అభ్యంతరం లేదు. ఆ దారిలో ఖర్చూ తక్కువే.

ఇప్పుడు అప్పు. 10 లక్షలు, 10 శాతం వడ్డీ, ఏడేళ్ళు అనుకుంటే నెల వాయిదా సుమారు 16,600. ఇటు, ఆమె కోరుకునే లాంటి పనిలో జీతం చూడండి. 2020లో కేంద్రం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టిస్తామని పథకం తెచ్చింది, అందులో సంఘం సీఈఓ జీతానికి ఇచ్చే సాయం నెలకు 25,000 వరకు. అందులోంచి 16,600 పోతే ఆమె ఆ ఊళ్ళో తినేదేంటి? ఇర్మా లాంటి చోటి నుంచి పెద్ద డెయిరీలకి, బ్యాంకులకి వెళ్ళినవాళ్ళకి ఇంతకంటే బాగా వస్తుంది, కానీ ఐటీలో చేరిన స్నేహితురాళ్ళతో పోలిక మొదటి మూడు నాలుగేళ్ళు వద్దు. నా మాటగా చెప్పాలంటే, పది లక్షల అప్పుతో ఆమె తాను కోరుకున్న పనిలో ఉండలేదు, వాయిదా కోసం ఇంకో పనికి పోవాల్సి వస్తుంది. నాలుగైదు లక్షలు దాటనివ్వకండి. స్కాలర్‌షిప్ గానీ, తక్కువ ఫీజు సీటు గానీ దొరకకపోతే ఒక ఏడాది ఆగినా నష్టం లేదు.

ఆ ఏడాది ఊరికే కూర్చోబెట్టమనడం లేదు. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా అని 13 నెలల ఫెలోషిప్ ఉంది, స్టైపెండ్ ఇచ్చి పల్లెలో పని చేయిస్తారు. ఎంపికైతే అంతకన్నా మంచి పరీక్ష ఇంకోటి లేదు. రెండో నెలలో వర్షాకాలం, జ్వరం, వినని జనం, వీటన్నిటి తర్వాత కూడా ఇదే పని చేస్తానంటే అప్పుడు మీరు ధైర్యంగా సంతకం పెట్టండి. తిరిగొచ్చి బ్యాంకు ఉద్యోగానికి చదువుకుంటానన్నా మంచిదే, పది లక్షలు మిగిలినట్టు.

అంతకంటే ముందు ఒక చిన్న పని. మీ ఇంటావిడ గానీ, పక్కింటివాళ్ళు గానీ పొదుపు సంఘంలో ఉండే ఉంటారు. ఈ నెల మీటింగుకి అమ్మాయిని వెంట పంపండి. మాట్లాడక్కర్లేదు, మూల కూర్చుని పుస్తకాలు చూడమనండి: ఎవరు ఎంత తీసుకున్నారు, దేనికి తీసుకున్నారు, ఎవరి వాయిదా ఎందుకు ఆగింది. మీ గల్లీలో డైలీ ఫైనాన్స్ కార్డున్న బండి ఒకటి వెతికి పైన నేను చెప్పిన లెక్క ఆమెనే స్వయంగా వేయమనండి. పది రూపాయల వడ్డీ తేలిందో లేదో నాకు రాయండి. మేనేజ్‌మెంట్ ఎంట్రన్స్ పరీక్ష క్యాట్‌కి దరఖాస్తులు మామూలుగా ఆగస్టులో మొదలవుతాయి, ఆలోపు ఈ రెండూ అయిపోతే మంచిది.